నాలుగు చక్రములు తిరిగినను బండి కదలదేమి?

వానకాలమున మట్టిదారిలో దిగబడిన పికప్ బండిని చూచినవారికి ఒక వింత కనబడును. ఇంజను గట్టిగా మ్రోగుచుండును. వెనుక చక్రములు రెంటిలో బురదలో నున్నది గిరగిర తిరుగుచు మట్టిని వెదజల్లుచుండును. గట్టినేల మీద నున్న రెండవ చక్రము మాత్రము కదలక నిలిచియుండును. బండిని ముందుకు నెట్టగలది ఆ రెండవ చక్రమే, కాని అది పనిచేయదు. పనికిరాని చక్రమే పరుగెత్తును. డ్రైవరు ఆక్సిలరేటరు తొక్కినకొలది ఆ చక్రము తన క్రింద గొయ్యి మరింత లోతుగా త్రవ్వుకొనును. నాలుగు చక్రములకును శక్తి నందించు బండి కొన్నచో ఈ బాధ తీరునని చాలమంది తలచుదురు. ఆ మాట సగమే నిజము. మిగిలిన సగము ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనబడు ఇనుప గుండులో దాగియున్నది. దానినే డిఫరెన్షియల్ అందురు.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రములు ఇరుసు కొనలపై దేనికది విడిగా తిరుగును. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోయినను ఒకదానితో మరొకదానికి పని లేదు. లాగునవి ఎద్దులు గదా! మోటారు బండిలో నట్లు కాదు. అక్కడ బండిని నడుపవలసినవి చక్రములే. రెంటిని ఒకే కడ్డీకి బిగించి త్రిప్పినచో తిన్నని దారిలో బాగుగనే యుండును గాని మలుపులో కష్టము వచ్చును. రెండు చక్రముల నడుమ దూరము 1.5 మీటర్లు అనుకొందము. బండి ఒక పూర్తి చుట్టు తిరుగునప్పటికి బయటి చక్రము లోపలిదానికంటె సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడువవలెను. (చుట్టు చిన్నదైనను పెద్దదైనను ఈ తేడా మారదు. సందేహమున్నవారు వృత్తపు చుట్టుకొలత సూత్రముతో లెక్క కట్టి చూచుకొనవచ్చును.) బిగించిన చక్రములలో ఏదో యొకటి ఆ మేరకు నేలను రాచుకొనుచు ఈడ్వబడవలసినదే. టైర్లు అరుగును; ఇరుసు మెలిపడును; బండి తిరుగుటకు మొరాయించును.

ఈ చిక్కును విప్పుటకు ఫ్రాన్సు దేశపు గడియారముల పనివాడు ఒనెసిఫోర్ పెకెర్ 1827లో ఒక ఆవిరిబండి కొఱకు పళ్ళచక్రముల అమరికకు పేటెంటు పొందెను. నేటి మోటారు బండ్లలోని డిఫరెన్షియల్ దాని సంతతియే. ఇరుసు రెండు ముక్కలుగా నుండును. ఒక్కొక్క ముక్క లోపలి కొనకు ఒక పళ్ళచక్రము. ఆ రెంటి నడుమ, రెంటిని తాకుచు, చిన్న పళ్ళచక్రములు ఒక గూటిలో అమర్చబడి యుండును. ఇంజను త్రిప్పునది గూటిని. గూడు తిరిగినపుడు చిన్న పళ్ళచక్రములు ఇరుప్రక్కల వానిని తోయును. ఒక ప్రక్క చక్రము నెమ్మదించినచో చిన్నవి తమచుట్టు తాము దొర్లి, ఆ తగ్గిన వేగమును రెండవ ప్రక్కకు చేర్చును.

వేగము సంగతి ఇట్లుండగా, బలము సంగతి వేరు. అసలు విషయమంతయు ఇక్కడనే యున్నది. చిన్న పళ్ళచక్రము కావడిబద్ద వంటిది. కావడి మోయువాని భుజము బద్దకు సరిగా నడుమ నుండును. రెండు కుండలును సమానమైన బరువుతో నున్నప్పుడే కావడి నిలుచును. ఒక కుండ ఖాళీ అయిన యెడల, భుజమునకు ఎంత సత్తువ యున్నను రెండవ కుండ నేల విడువదు. ఖాళీ కుండ పైకి లేచిపోవును, అంతే. డిఫరెన్షియల్ కూడ ఇట్లే రెండు చక్రములకును ఎల్లప్పుడు సమానమైన తిప్పుడు బలమునే ఇచ్చును. బురదలోని చక్రము ఎంత బలమును నేలకు ఆనించగలదో, గట్టినేల మీది చక్రమునకును అంతే అందును. పట్టు తక్కువైన చక్రమే ఆ ఇరుసు మొత్తమునకు హద్దు గీయును. ఇంజను ఎన్ని అశ్వశక్తులదైనను ఈ హద్దు మారదు.

ఇప్పుడు నాలుగు చక్రముల సంగతి. పికప్ బండ్లలో ఎక్కువగా కనబడు ఏర్పాటు ఇది: మామూలుగా వెనుక ఇరుసునకే శక్తి అందును. మీట త్రిప్పగనే ట్రాన్స్‌ఫర్ కేసు అను పెట్టె ముందు ఇరుసునకు పోవు కడ్డీని వెనుకదానితో గట్టిగా జతపఱచును. 2016లో చిత్తూరు జిల్లాలో (ఇప్పుడది తిరుపతి జిల్లా) శ్రీసిటీ వద్ద ప్రారంభమైన కర్మాగారములో తయారైన ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ పికప్‌లలోని ఏర్పాటు ఈ జాతిదే. ఇట్లు జతపఱచిన పిమ్మట ముందు ఇరుసు జారినను వెనుక ఇరుసు ఆగదు. వెనుకది జారినను ముందుది ఆగదు. అనగా ముందునకును వెనుకకును నడుమనున్న చిక్కు తీరినది. కాని ఎడమకును కుడికిని నడుమనున్న చిక్కు తీరలేదు. ప్రతి ఇరుసులోను ఒక కావడి యట్లే యున్నది. ఒకే ప్రక్క రెండు చక్రములును బురదలో నున్నచో, పేరునకు నాలుగు చక్రముల బండియైనను రెండవ ప్రక్క చక్రములు తమ సత్తువలో కొద్దిపాలు మాత్రమే చూపగలవు.

ఒక లెక్కతో ఇది స్పష్టమగును. సరకు లేని పికప్ బరువు 2,000 కిలోలు అనుకొందము. ఇంజను ముందున్నది గనుక ముందు ఇరుసు మీద 1,200 కిలోలు, వెనుక ఇరుసు మీద 800 కిలోలు పడును. ఎడమ చక్రములు జారు మట్టిలో నున్నవి; అక్కడ తమ మీది బరువులో పదవ వంతు మాత్రమే అవి నేలను నెట్టగలవు. కుడి చక్రములు గట్టినేల మీద నున్నవి. అక్కడ బరువులో సగము వఱకు నెట్టగలవు. పదింట ఒకటి ఎత్తు గల దారి ఎక్కుటకు సుమారు 200 కిలోల నెట్టుడు కావలెను. మట్టి అడ్డగింపునకు మరి 50 కలిపిన 250. ఇది బండి దాటవలసిన పరీక్ష.

వెనుక ఇరుసు మాత్రమే పనిచేయుచున్నప్పుడు ఎడమ చక్రము 40 కిలోలు నెట్టగలదు. కావడి న్యాయము ప్రకారము కుడిదియు 40. మొత్తము 80. బండి కదలదు. నాలుగు చక్రములను కలిపినచో ముందు ఎడమది 60, ముందు కుడిది 60, వెనుక పాత 80, మొత్తము 200. ఇదియు చాలదు. పోనీ, నాలుగు చక్రముల ఏర్పాటును విడిచి వెనుక డిఫరెన్షియల్‌కే కట్టడి చేసి, కుడి చక్రమునకు ఎడమదానికంటె మూడింతల బలము పోనిచ్చునట్లు చేయుదము. ఎడమ 40, కుడి 120, మొత్తము 160. చాలదు. వెనుక చక్రములు రెంటిని పూర్తిగా బిగించినను 40, 200 కలిసి 240 మాత్రమే. గట్టున పడుటకు పది కిలోలు తక్కువ. ఇక నాలుగు చక్రముల ఏర్పాటును, వెనుక ఇరుసున మూడింతల కట్టడిని ఒకేసారి యుంచినచో ముందు 120, వెనుక 160; మొత్తము 280. బండి పైకెక్కును. విడివిడిగా రెండును ఓడినచోట, కలిసి నెగ్గినవి. ఒకటి ముందు వెనుకల పంపకమును, రెండవది కుడి ఎడమల పంపకమును చక్కదిద్దును. ఒకదాని పని రెండవది చేయలేదు.

తక్కువ గేరు వేసిన సరిపోదా యని ఎవరైన అడుగవచ్చును. నాలుగు చక్రముల బండ్లలో నుండు నెమ్మది గేరు తిప్పుడు బలమును పెంచును గాని నేల పట్టును పెంచదు. పై లెక్కలో కొఱవడినది బలము కాదు, పట్టు.

ఆ కట్టడి చేయు సాధనమునకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అని పేరు. జారుడును హద్దులో నుంచు డిఫరెన్షియల్ అని అర్థము. కావడి మోయువాడు ఖాళీ కుండ పైకి లేవకుండ బద్దను భుజమునకు అదిమిపట్టినట్లు, ఇందులో గూటికిని ప్రక్క పళ్ళచక్రములకును నడుమ రాపిడిని కల్పింతురు. ఎక్కువగా వాడుకలో నున్న రకములో క్లచ్ ప్లేట్ల దొంతరలు ఉండును. ఒక ప్లేటు గూటికి, మరియొకటి ఇరుసునకు, ఇట్లు వరుసగా పట్టియుండును. ఒక స్ప్రింగు వానిని ఎల్లప్పుడు కొంత అదిమియుంచును. ఇంజను బలము పెరిగినపుడు పళ్ళచక్రములు ఒకదానినొకటి ఎడముగా తోసికొనుటవలన ఆ అదుము ఇంకను పెరుగును. ఒక చక్రము వడిగా పరుగెత్తబోయినచో ప్లేట్లు రాచుకొని దానిని వెనుకకు లాగును. అట్లు లాగిన బలమే నెమ్మదిగా నున్న రెండవ చక్రమునకు చేరును. మామూలు మలుపులో వేగముల తేడా స్వల్పము గనుక ప్లేట్లు కొంచెము జారి దారి యిచ్చును.

ఈ సాధనము పొలముదారుల కొఱకు పుట్టలేదు. 1930 దశకములో జర్మనీలో ఆటో యూనియన్ పందెపు కార్ల వెనుక చక్రములలో ఒకటి వట్టిగా తిరిగిపోవుచుండుట చూచి, ఫెర్డినాండ్ పోర్షె ఇట్టి ఏర్పాటు కావలెనని జడ్.ఎఫ్. సంస్థను కోరెను. అమెరికాలో 1956 నాటి పాకార్డ్ కార్లతో ఇది సామాన్య కొనుగోలుదారులకు అందినది. 1958లో వెర్నన్ గ్లీస్మన్ పేటెంటు పొందిన మరియొక రకములో క్లచ్ ప్లేట్లే లేవు. మరచుట్ల వంటి పళ్ళుగల చక్రములు బలము పడగనే గూటి గోడలకు ఒత్తుకొని రాపిడిని కలిగించును. దానికి టోర్సెన్ అని పేరు.

జనరల్ మోటార్స్ పికప్‌లలో 1973 నుండి వాడుకలోనికి వచ్చిన ఈటన్ సంస్థ సాధనము మరియొక త్రోవ త్రొక్కినది. రెండు చక్రముల వేగములలో నిమిషమునకు సుమారు 100 చుట్ల తేడా రాగానే, లోపలి చిన్న బరువులు రెక్కలవలె విచ్చుకొని ఒక కొక్కెమును తగిలించును; అంతట ప్లేట్లు బిగిసి ఇరుసు ఒకే కడ్డీ వలె తిరుగును. గంటకు 32 కిలోమీటర్లు దాటిన పిమ్మట అది తగులుకొనదు. ఆ జాగ్రత్త మెచ్చదగినది. వేగములో ఇరుసు హఠాత్తుగా బిగిసినచో ప్రమాదము గదా.

పూర్తిగా బిగించు పద్ధతి తెలుగు రైతులకు క్రొత్త కాదు. దమ్ము చేయుచుండగా ట్రాక్టరు పెద్దచక్రము ఒకటి వట్టిగా తిరిగినచో డ్రైవరు కాలితో ఒక పెడలును నొక్కును. డిఫరెన్షియల్ లాక్ అనునది అదే. కొన్ని పికప్‌లలో ఈ పనికి ఒక మీట యుండును. బిగించినంతసేపు బండి తిన్నగా పోవలెను. మలుపు త్రిప్పుటకు ముందు విడువవలెను. జారుడు కట్టడి సాధనమునకు ఈ కాపలా అక్కఱలేదు. అయితే దాని బలహీనత దానికున్నది. ఎడమ చక్రము గాలిలోనికి లేచినదనుకొందము. దాని పట్టు సున్న. సున్నకు మూడింతలును సున్నయే! స్ప్రింగు అదుమువలన కలుగు కొద్దిపాటి బలము తప్ప రెండవ చక్రమునకు మరేమియు అందదు. గుంటల దారిలో ముందు ఒక మూల చక్రము, వెనుక దానికి ఎదురు మూల చక్రము ఒకేసారి తేలిపోయినపుడు ఇదే జరుగును. నేటి బండ్లు ఇక్కడ బ్రేకును వాడుకొనును. వట్టిగా తిరుగు చక్రమును యంత్రమే పసిగట్టి దాని ఒక్కదానికే బ్రేకు వేయును. ఖాళీ కుండను చేతితో క్రిందికి నొక్కినట్లు, అప్పుడు రెండవ చక్రమునకు పని దొరకును. ఇంజను శక్తిలో కొంత బ్రేకులో వేడిగా మారి వ్యర్థమగును. చాలసేపు సాగినచో బ్రేకులు కాగిపోవును. కావున బురదలో నెలల తరబడి తిరుగు బండికి ఇది లిమిటెడ్ స్లిప్‌కు సరియైన బదులు కాదు, తోడు మాత్రమే.

తక్కిన బండ్లకంటె పికప్‌కే ఈ కట్టడి ఎక్కువ అవసరమగుటకు కారణములు దాని యొడలిలోనే యున్నవి. సరకు దింపిన వెంటనే వెనుక భాగము తేలికయగును, శక్తి మాత్రము ముందుగా అక్కడికే పోవును. పైగా ఇంజను నుండి వెనుకకు పోవు పొడవైన కడ్డీ, గట్టిగా తిరుగునపుడు వెనుక ఇరుసునే కొంచెము మెలిపెట్టబోవును. అందువలన ఒక చక్రము మీద, సాధారణముగా కుడిదాని మీద, భారము తగ్గును. ముందు ఇరుసున ఈ కట్టడిని అరుదుగా పెట్టుదురు, ఏలయన అక్కడి బలముల తేడా స్టీరింగును ప్రక్కకు గుంజును.

ఈ సాధనము గల బండి నడుపువారు రెండు సంగతులు తప్పక ఎఱిగియుండవలెను. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రము జారినను రెండవది నిలకడగా నుండి వెనుక భాగమును ప్రక్కకు పోకుండ పట్టుకొనును. కట్టడి యున్నపుడు నున్నని తడిదారిలో రెండు చక్రములును ఒకేసారి జారవచ్చును. అప్పుడు బండి తోక పల్లము వైపు కొట్టుకొనిపోవును. ఏటవాలు దారిలో ఆక్సిలరేటరును మెల్లగా తొక్కవలెనని చెప్పుట ఇందుకే. రెండవది ఇంకను ప్రమాదకరము. చక్రము మార్చుటకో, పరీక్షించుటకో ఒక వెనుక చక్రమును జాకీతో పైకెత్తి, ఇంజను నడుపుచు గేరు వేయుట కొందఱికి అలవాటు. మామూలు బండిలో పైకెత్తిన చక్రము వట్టిగా తిరుగును. లిమిటెడ్ స్లిప్ గల బండిలో నేలనున్న చక్రమునకును బలమందును. బండి జాకీ మీద నుండి దుమికి ముందున్నవారి మీదికి పోగలదు.