గుంటూరు డాక్టరమ్మ కుగ్లర్ గారు

అన్నా సారా కుగ్లర్ గారు అమెరికాలో చదివిన డాక్టరు. అయినా 1883లో లూథరన్ మిషన్ వారు ఆమెను గుంటూరు పంపింది వైద్యానికి కాదు, బోధించడానికి! దొరసాని గారు కాదనలేదు. ఆ పని చేస్తూనే ఇళ్లకు వెళ్లి రోగులను చూశారు. ఆ రోజుల్లో ఘోషా స్త్రీలు మగ డాక్టరుకు నాడి చూపించుకొనేవారు కారు. బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసానే దిక్కు. మన నాయనమ్మలనడిగితే చెప్పేవారు ఆ కష్టం.

1885లో మిషన్ ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. ఆసుపత్రి తెరవడానికి మాత్రం 1898 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె వైద్యం కంటె ఆ ఓపికే నాకు గొప్పగా తోస్తుంది. 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. ఊరివారికి అది కుగ్లర్ ఆసుపత్రి.