మోటారు వాల్వు నమర్చు విధము



1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు బోధను ప్రాంతపు చేలకు పాఱినది మొదలు, తూము ఎంతమేర ఎత్తవలయునో నీరటివాడు కంటితో చూచి నిర్ణయించెడివాడు. నేడు బోరునీరు గొట్టములలో పోవుచున్న చెరకు తోటలలో వాల్వును త్రిప్పుటకు చిన్న మోటారు వచ్చినది. పట్టణముల ఈతకొలనులలో నీటిని మళ్లించునదియు నిట్టిదే. దానికి కన్నులు లేవు. ఎచట ఆగవలయునో మనమే ఏర్పఱుపవలయును.

మోటారు నెక్కింపకముందే వాల్వును చేతితో తుదివఱకు త్రిప్పి చూడుడు. ఇసుక పట్టియున్నచో కడుగుడు. పిమ్మట కరెంటు తీసి, మూత విప్పి, కదలికను ఆపు రెండు స్విచ్చులను సరిచేయుడు. బంతివాల్వు తెఱపునకును మూతకును నడుమ త్రిప్పు 90 డిగ్రీలు. స్విచ్చి ముందే తాకినచో నీరు కాఱుచునే యుండును. తాకనేతాకనిచో మోటారు బిగిసి, తీగచుట్ట మాడును.

అంతకంటె ముఖ్యము మూయు వేగము. ఉక్కుగొట్టమున సెకనుకు 1 మీటరు పాఱు నీటిని తటాలున ఆపినచో, సుమారు 100 మీటర్ల నీటిమట్టమునకు సమానమగు ఒత్తిడి అదనముగ పుట్టును. రష్యా పండితుడు జుకోవ్‌స్కీ 1898లో ఈ లెక్క తేల్చెను. పీవీసీ గొట్టమున నది తక్కువయే గాని అతుకు లూడుటకు చాలును. నేను త్వరగా మూయు వాల్వును ముచ్చటపడి కొని, ఒక రాత్రిలో రెండు మడుల మొలకలను ముంచుకొంటిని! కొనునపుడు మూయుటకు ఎన్ని సెకనులు పట్టునో అడుగుడు.

రెండు వాల్వులున్నచో, రెండవది తెఱచుకొన్న పిమ్మటనే మొదటిది మూయవలయును. పంపు నడుచుచుండగా రెండును మూసియుండరాదు.