ఉప్పు అందరికీ ఒకటే, బీపీ మాత్రం ఒకరికే!

ఒకే గిన్నెలో పప్పు, ఒకే జాడీలో ఆవకాయ. ఇంటిల్లిపాదీ తినేది అదే. అయినా బీపీ వదినగారికి వస్తుంది, ఆడపడుచుకి రాదు. "అందరం తింటున్నాంగా, మాకేం కాలేదే!" అని దెప్పేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకి ఈ ఎలుకల సంగతి చెప్పండి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో డాక్టర్ లూయిస్ డాల్ ఎలుకలకి నూటికి 8 పాళ్ళు ఉప్పు కలిపిన మేత పెట్టాడు. కొన్నిటికి బీపీ బాగా పెరిగింది, కొన్నిటికి చలనమే లేదు! పెరిగినవాటిని ఒకవైపు, పెరగనివాటిని ఒకవైపు జతకట్టిస్తే, మూడు తరాలు తిరిగేసరికి రెండు వంశాలు తేలాయి. 1962లో ఈ సంగతి ప్రకటించాడు. తర్వాత ఉప్పు పడని ఎలుకకి, పడే ఎలుక కిడ్నీ అమర్చి చూస్తే బీపీ తగ్గింది. అటుదిటు చేస్తే పెరిగింది.

తల్లులు వినాల్సింది ఇంకోటుంది. ఉప్పు పడని ఎలుకలకే ఆయన డబ్బాల్లో అమ్మే పసిపిల్లల ఆహారం పెడితే బీపీ వచ్చి కొన్ని చచ్చిపోయాయి కూడా. అప్పట్లో వాటిల్లో ఉప్పు వేసేవారు. బిడ్డ అడిగాడనా? కాదు, రుచి చూసే తల్లికి నచ్చాలని!

మరి కిడ్నీలో జరిగేదేమిటి? మూత్రం తయారయ్యే సన్నని గొట్టాల చివర సోడియాన్ని మళ్ళీ ఒంట్లోకి లాక్కునే బుల్లి ద్వారాలుంటాయి. సోడియం వెంట నీరూ వస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, బీపీ ఎక్కుతుంది. ఈ ద్వారాల జన్యువుల్ని 1993-94లో స్విట్జర్లాండులో ఎలుక పెద్దపేగు నుంచే పట్టుకున్నారు. అదే 1994లో, లిడిల్ జబ్బున్న కుటుంబాల్లో ఆ జన్యువే చెడిందని తేలింది. పాతబడ్డ ద్వారాల్ని కణం తీసెయ్యలేదు, అవి తెరుచుకునే ఉంటాయి. అందుకే చిన్న వయసులోనే బీపీ. అమిలోరైడ్ అనే మందు ఆ ద్వారాల్ని మూస్తుంది.

అయితే లిడిల్ జబ్బు చాలా అరుదు సుమండీ. మామూలు బీపీలోనూ, డాల్‌గారి ఎలుకల్లోనూ ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువుల చెయ్యి ఉంది. ఎవరికి ఉప్పు పడదో నాలుక చెప్పదు, కొలిపించుకోవాల్సిందే.

అన్నట్టు, సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం కలుపుతారు. అమిలోరైడ్ వాడేవాళ్ళకీ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకీ అది ఒంట్లో పేరుకుపోయి గుండెకి ప్రమాదం. డాక్టరుగారిని అడక్కుండా ఆ ప్యాకెట్ తేకండి.