శాస్త్రవేత్తకు మార్కులు వేసేదెవరు?

సంచి మీద బి.పి.టి. 5204 అని ఉంటుంది. మన రైతులకది సాంబ మసూరి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ వంగడం వేసేటప్పుడు, దీన్ని తయారుచేసినాయన ఎన్ని వ్యాసాలు రాశాడని ఎవరూ అడగరు. శాస్త్రవేత్తల లోకంలో మాత్రం ముందు అడిగేది అదే.

ఒకరి పరిశోధనా పత్రాన్ని మరొకరు తమ పత్రంలో పేర్కొంటే అది సైటేషన్. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త వీటి ఆధారంగా 'హెచ్ ఇండెక్స్' ప్రతిపాదించారు. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు పది ఉంటే ఇండెక్స్ పది. ఒకే పత్రానికి వెయ్యి వచ్చి, మిగతావాటిని ఎవరూ పట్టించుకోకపోతే ఇండెక్స్ ఒకటే! ఒక్క మడి విరగపండినా మిగతా చేనంతా బీడు పడితే ఊళ్లో వచ్చే పేరులాంటిదన్నమాట.

పంట దాచి పక్కూరి బంధువుకు రెండు బస్తాల విత్తనమిచ్చిన రైతు కూడా ఆ వంగడాన్ని పేర్కొన్నట్టే కదా? ఆ లెక్క ఏ సూచికలోనూ పడదు.

ఇక కలిసి చేసే పని సంగతి. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని వరి పరిశోధనా సంచాలక కార్యాలయం, సి.సి.ఎం.బి. చేయి కలిపి మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చాయి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇలాంటి పత్రాల మీద చాలా పేర్లుంటాయి. హెచ్ ఇండెక్స్ లెక్కలో సైటేషన్ అందరి ఖాతాలోనూ పూర్తిగా పడుతుంది. ఎండలో మొక్కలు పరీక్షించిందెవరో, జన్యువు గుర్తులు చూసిందెవరో ఆ అంకె చెప్పదు.