మూపురం ఉన్న విమానం

లండన్ హీత్రో విమానాశ్రయం పక్కన మర్టిల్ అవెన్యూ అనే వీధి చివర ఒక పచ్చిక బయలు ఉంది. దక్షిణ రన్‌వే మీద దిగే విమానాలు తల మీదుగానే పోతున్నట్టుంటాయి. విమానాలను చూడటమే సరదాగా పెట్టుకున్న స్పాటర్లు కెమెరాలు పట్టుకుని గంటల తరబడి అక్కడే ఉంటారు. బోయింగ్ 747ను పోల్చుకోవడానికి మాత్రం ఏ పరికరమూ అక్కర్లేదు. ఒంగోలు గిత్తకు మూపురంలా, ముందు భాగంలో పైకి లేచిన ఆ ఎత్తు చాలు.

ఆ ఎత్తు సరకు కోసం పుట్టింది. 1966లో విమానయాన సంస్థ పాన్‌యామ్ అధిపతి హువాన్ ట్రిప్ 25 విమానాలకు ఆర్డరిచ్చే నాటికి, ఇక జనమంతా ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాలే ఎక్కుతారని పరిశ్రమ గట్టిగా నమ్మింది. ఆ రోజు వస్తే 747 సరకు మోసి బతకాలి. ముక్కు పైకి తెరుచుకుని పొడవాటి సరకు తిన్నగా లోపలికి పోవాలంటే పైలట్లు దారికి అడ్డుండకూడదు. అందుకని కాక్‌పిట్‌ను పైకెత్తారు. గాలి సాఫీగా జారాలని దాని వెనక పైకప్పును వాలుగా సాగదీస్తే కింద కొంత చోటు మిగిలింది. ట్రిప్ దాన్ని ప్రయాణికుల లౌంజ్ చేయించాడు.

పాన్‌యామ్ మొదట అడిగింది నిలువునా రెండంతస్తుల విమానం. ప్రమాదం జరిగితే పై అంతస్తు వాళ్లను త్వరగా దింపడం కష్టమని బోయింగ్ చీఫ్ ఇంజినీర్ జో సటర్ బృందం ఒప్పుకోలేదు. 8 అడుగుల వెడల్పు కంటెయినర్లు రెండు పక్కపక్కన పట్టేలా ఒకటే వెడల్పాటి అంతస్తు గీసింది. మన విదేశీ ప్రయాణాల్లో వరసకు పదేసి సీట్లు, నడవడానికి రెండు దారులు అలా వచ్చాయి. ఇందులో సటర్ చూపిన మొండితనమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇంత బరువు లేవడానికి కొత్త రకం ఇంజిన్ కావాల్సి వచ్చింది. ప్రాట్ అండ్ విట్నీ జేటీ9డీలో ముందున్న పెద్ద ఫ్యాన్ లాక్కునే గాలిలో సుమారు ఆరో వంతే మంటలోకి పోతుంది. మిగతాదంతా చుట్టూ తిరిగి వెనక్కి తోసుకుపోతుంది. ఎక్కువ గాలిని నిదానంగా తోయడం వల్ల ఇంధనం ఆదా, మోత తక్కువ. 1969 ఫిబ్రవరి 9న తొలి 747 ఎగిరింది. మూడు వారాలకు ధ్వనిని మించిన వేగంతో పోయే కాంకార్డ్ కూడా ఎగిరింది గానీ, అది 2003లోనే విశ్రాంతి తీసుకుంది.

2023 జనవరి 31న బోయింగ్ అప్పగించిన 1,574వది, ఆఖరిది, సరకు విమానమే. లుఫ్తాన్సా ఇప్పటికీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ప్రయాణికులతో 747లు నడుపుతోంది. శంషాబాద్‌లోనూ సరకు 747లు దిగాయి. రెక్క కొస పైకి తిరిగి ఉంటే అది 747-400. కొస వెనక్కి వాలి, ఇంజిన్ వెనక అంచు రంపపు పళ్లలా ఉంటే 747-8. మూపురం పొట్టిగా, వెనక కిటికీల వరస లేకుండా ఉంటే ఆ రెంటిలో ఏదైనా సరకు మోసేదే.