మోకాటి దెబ్బ – పాదమునకు ముప్పు

మన పిల్లలు అనేకులు కూచిపూడి, భరతనాట్యములను నేర్చుకొనుచున్నారు. అరమండిలో నిలుచుట, పూర్తిగా కూర్చుండి లేచుట, ఎగిరి దూకుట – వీనియన్నిటి భారమును మోకాలే మోయును. కాలు బెణికినప్పుడు మన యిండ్లలో మొదట వినబడు మాట “నరము పట్టినది” అనునదే. వెంటనే నూనె రాచి మర్దించుట వాడుక. సాధారణముగా ఆ నొప్పి కండరమునకో, కీలును బంధించు స్నాయువునకో సంబంధించినది. కాని కొన్ని వేళల నిజముగనే నరము దెబ్బతినును. ఈ తేడాను తల్లిదండ్రులు గుర్తింపవలెను.

తొడ వెనుకనుండి దిగివచ్చు పెద్దనరము మోకాటికి కొంచెము పైన రెండు శాఖలగును. అందు వెలుపలి శాఖ, మోకాటి క్రింద ప్రక్కగా చేతికి తగులు సన్నని యెముకను చుట్టుకొని ముందునకు వచ్చును. అచ్చట దానికి చర్మము తప్ప వేరు రక్షణ లేదనవచ్చును. పాదమును, వ్రేళ్లను పైకెత్తు కండరములకు ఆజ్ఞలను చేర్చునది, పాదముపై స్పర్శను తెలుపునది ఈ నరమే. మోకాలు తీవ్రముగా మెలిపడినను, కీలు తొలగినను అది సాగిపోవును, ఒక్కొక్కప్పుడు తెగును. దెబ్బ తగులకున్నను, చాలసేపు గొంతుకూర్చుండుటవలనను, బిగుతు కట్టువలనను నలుగవచ్చును.

పరీక్ష సులభము. మడమను నేలపై నిలిపి వ్రేళ్లనెత్తిన పాదమునకు నాట్యశాస్త్రమునందు అంచితమని పేరు. పిల్లను కూర్చుండబెట్టి, గాయపడిన కాలితో అంచితము పట్టగలదేమో చూడుడు. పాదము వ్రేలబడినను, దాని పైభాగము తిమ్మిరిగానున్నను, నడచునపుడు వ్రేళ్లు నేలకు తగిలి తొట్రుపడుచున్నను ఆనాడే వైద్యునికి చూపవలెను. పాదము చల్లబడి పాలిపోయినచో రక్తనాళమే దెబ్బతినియుండవచ్చును. అప్పుడు కొన్ని గంటల ఆలస్యమే కాలికి ముప్పు తెచ్చును.

నలిగిన నరము చాలవరకు కోలుకొనును. లోపలి పోగులు తెగినచో మరల పెరుగుట రోజునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. కావున నెలలు పట్టును. అంతవరకు పాదము వ్రేలబడకుండ ఆధారపు పట్టీ, కీలు బిగియకుండ వ్యాయామము అవసరము. నరము పూర్తిగా తెగినచో శస్త్రచికిత్స వలసియుండును. దానికి కాలయాపన చేసిన కొలది కండరములు క్షీణించును.

వార్షికోత్సవమున తన వేషము తప్పిపోవునను భయముతో పిల్లలు తిమ్మిరిని దాచుదురు. నొప్పి తగ్గినంతమాత్రమున గాయము మానినదని పెద్దలు తలచుదురు. ఈ రెండింటి నడుమ విలువైన వారములు గడచిపోవును. “ఈ యేడు విశ్రాంతి తీసుకొనుము, పై యేడు ఆ వేషము నీదే” యని గురువుగారిచేత ముందుగనే చెప్పించినచో, పిల్లకు దాచవలసిన పని యుండదు.