ముళ్లకంపలో తేనె: కొన్ని విశేషాలు

ఎక్కడినుంచో వచ్చి మన బంజర్లనూ చెరువుగట్లనూ ఆక్రమించిన మొక్కలంటే రైతుకు ఒళ్లుమంట. అది న్యాయమే. కానీ వాటిని కొట్టేసే ముందు తేనెటీగల తిండి సంగతి కూడా చూడాలి.

● సర్కారు తుమ్మ 1877 ప్రాంతంలో జమైకా నుంచి మన దేశానికి వచ్చింది. వంటచెరకు కోసం దాన్ని మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి.

● దీని వేళ్లు నీటికోసం పాతాళానికి పోతాయి. అరిజోనాలోని ఒక గనిలో దీని దగ్గరి జాతి వేరు 53 మీటర్ల లోతున కనబడింది. అందుకే మండుటెండల్లో చుట్టుపక్కల పచ్చదనం మాడిపోయినా ఇది పూస్తుంది. వేలెడేసి పసుపు కంకుల మీద జుంటి తేనెటీగలు ముసురుతాయి. గుజరాత్‌లోని కచ్‌లో తేనెకు ఇదొక ముఖ్య ఆధారం.

● కాయలు తియ్యగా ఉంటాయి. పశువులు, మేకలు తిన్నా గింజ అరగదు. పేడలో, పెంటికల్లో పడి మొలుస్తుంది. కాయలు ఏరి పిండి పట్టిస్తే ఆ గింజ నశిస్తుంది, వ్యాప్తి తగ్గుతుంది. అమెరికా ఎడారుల మూలవాసులు దగ్గరి జాతుల కాయలను పిండిచేసి తరతరాలుగా తిన్నారు. పశువులకు మాత్రం ఇవే రోజూ మేపితే దవడలు పట్టు తప్పి, మేత నమలలేక చిక్కిపోతాయి.

● ఘాటు వాసన వచ్చే సీమతులసిదీ అమెరికా ఖండమే. దాని చిన్న ఊదాపూవు మీద ఈగ వాలగానే కింది రేకు చటుక్కున వంగి పుప్పొడిని దాని పొట్టకు చిమ్ముతుంది. గింజలు నీళ్లలో వేస్తే సబ్జాలా ఉబ్బుతాయి. మెక్సికోలో వాటితో పానీయం చేసుకుంటారు.

● జుముకితీగ పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. జాలీలాంటి పొర తీస్తే లోపల పండు, నల్లగింజల చుట్టూ పుల్లతీపి గుజ్జు. బాగా పసుపురంగుకు తిరిగినవే తినాలి, పచ్చికాయల్లో విషముంటుంది.

● వయ్యారిభామ జోలికి మాత్రం వట్టిచేతులతో పోవద్దు. దద్దుర్లు, ఆయాసం వస్తాయి. కలుపుమందు కొట్టిన గట్లమీద ఏ మొక్కా కోయవద్దు.

● సర్కారు తుమ్మను పూత అయ్యాక, కాయ పండకముందు కొట్టండి. మొదలు పెకలించకపోతే మళ్లీ చిగురిస్తుంది. అంతకంటే ముందే వేప, కానుగ, నేరేడు, రేగు నాటండి. అవి పూతకు వచ్చేదాకా కొన్ని కంపలను ఉండనివ్వండి, తేనెటీగలు పస్తుండవు.